ఆ లేడిపిల్ల ఏమైంది?

ఈ మధ్య మన కుర్రాళ్ల ఫోన్లలో ఒక రకం వీడియోలు ఎక్కువగా తిరుగుతున్నాయి. దుప్పిపిల్లకు పాలసీసా పట్టిస్తున్న అమ్మాయి, భుజం మీద కోతిపిల్లను ఎక్కించుకుని బండి నడుపుతున్న అబ్బాయి, మంచం కింద దూరిన ఎలుగుపిల్ల, చొక్కా జేబులోంచి తొంగిచూసే బెట్టుడుత. చూసినవాళ్లంతా ఇదే అడవి ప్రేమ అంటున్నారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ఇది ఆదివాసీ సంస్కృతి అని కూడా రాస్తున్నారు. ఆ మాట దగ్గర మేము ఆగాం. ఎవరి సంస్కృతి, ఎప్పటి సంస్కృతి అని అడగకుండా వదిలేస్తే రేపు మన పిల్లలు పాఠంలో చదువుకునేది ఇదే అవుతుంది.

అడవి జంతువును ఇంట్లో పెంచుకోవచ్చా అనేది పశువైద్యుడినో అటవీ అధికారినో అడగాల్సిన ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ఆ కోరిక మనలో పుట్టేది కథల్లోంచి, సినిమాల్లోంచి, బొమ్మల్లోంచి. కాబట్టి ముందు కథలను విమర్శకు పెట్టాలి. మనం చదివిన, చదివించిన కథలు ఈ విషయంలో ఏం చెప్పాయి, ఏం చెప్పకుండా దాటేశాయి అన్నదే ఈ వ్యాసం.

రామాయణంలో బంగారు లేడి కథ అందరికీ తెలుసు. పాఠాల్లో దాన్ని మాయకు, ఆశకు ఉదాహరణగా చెబుతారు. వాల్మీకి అరణ్యకాండలో సీత అడిగినదేమిటో నిదానంగా చూడండి. ఆ లేడిని ప్రాణంతో పట్టి తెమ్మంటుంది. ఇక్కడ ఆడుకోవడానికి ఉంటుంది, వనవాసం ముగిశాక అంతఃపురానికి అలంకారంగా ఉంటుంది అంటుంది. ప్రాణంతో చిక్కకపోతే చర్మమైనా చాలు, పరుచుకుని కూర్చోవచ్చంటుంది. ఒకే నోట, ఒకే సందర్భంలో, పెంచుకోవడమూ చర్మం ఒలవడమూ పక్కపక్కనే వచ్చాయి. అందమైనది నాది కావాలి అన్న కోరిక ప్రేమ రూపంలోనూ రావచ్చు, బాణం రూపంలోనూ రావచ్చు. పాఠం చెప్పే పంతుళ్లు మారీచుడి మోసం గురించి చెబుతారు గాని, ఈ రెండు మాటల దగ్గరితనం గురించి చెప్పరు.

భాగవతం పంచమ స్కంధంలో భరతుడి కథ ఉంది. తెలుగులో ఆ స్కంధాన్ని గంగన రాశాడు. సింహం గర్జనకు బెదిరిన నిండుచూలాలు లేడి నది దాటబోయి ఈనింది, తను చనిపోయింది. నీళ్లలో కొట్టుకుపోతున్న పిల్లను భరతుడు తీసుకొచ్చి పెంచాడు. గడ్డి పెట్టాడు, తోడేళ్ల నుంచి కాపాడాడు, ఒళ్లో పెట్టుకున్నాడు. జపం మానేశాడు. చివరికి ఆ లేడినే తలచుకుంటూ ప్రాణం విడిచి, మరుజన్మలో లేడిగా పుట్టాడు. మోహం తపస్సును చెడగొడుతుందని చెప్పడానికి ఈ కథను వాడతారు.

మాకు వేరే ప్రశ్న ఉంది. ఆ లేడిపిల్ల ఏమైంది? భరతుడు పోయేటప్పుడు అది కొడుకులాగా పక్కనే కూర్చుని దుఃఖించిందని కథలోనే ఉంది. ఆ తర్వాత దాని ఊసే లేదు. మందలో కలిసిందా? కలవనిచ్చారా? మనిషి వాసనకు అలవాటుపడిన లేడి, వేటగాడు ఎదురొస్తే పారిపోతుందా, దగ్గరికి వెళుతుందా? లేడి వల్ల ముని చెడ్డాడా అన్నది కథ అడిగింది. ముని వల్ల లేడి చెడిందా అన్నది అడగలేదు. వేల ఏళ్లుగా ఈ కథ చెప్పుకుంటున్నా ఆ రెండో ప్రశ్న ఎవరికీ తోచలేదంటే, కథ ఎవరి వైపు నిలబడి చెప్పబడిందో అర్థమవుతుంది.

కాళిదాసు శాకుంతలంలో మాత్రం ఈ ప్రశ్న నీడ కొంచెం పడింది. నాలుగో అంకంలో శకుంతల అత్తవారింటికి బయలుదేరితే, తను పెంచిన లేడిపిల్ల చీర కొంగు పట్టుకుంటుంది. తల్లి లేకపోతే శ్యామాక ధాన్యం పెట్టి సాకిన పిల్ల అది. ఇకనుంచి నిన్ను నాన్న చూసుకుంటాడని చెప్పి ఆమె వెళ్లిపోతుంది. పెంచిన చేయి వెళ్లిపోయాక ఎవరు చూస్తారు అన్న ఆలోచన అక్కడ ఉంది. పైగా ఆశ్రమానికి కంచె లేదు. చుట్టూ అడవి, అందులో మిగతా లేళ్లు. అది ఇంటి కన్నా అడవికే దగ్గర. దాన్ని చూపించి నగరంలో మూడో అంతస్తులో లేడిని పెంచవచ్చని ఎవరైనా అంటే కాళిదాసుకు అన్యాయం చేసినట్లే.

ఈ ప్రశ్నను చివరిదాకా తీసుకెళ్లిన పుస్తకం ఒకటి పరాయి దేశంలో వచ్చింది. అమెరికాలో మార్జొరీ కినన్ రాలింగ్స్ 1938లో రాసిన 'ది ఇయర్లింగ్' అనే నవల అది. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది, 1946లో సినిమాగా తీశారు. ఫ్లోరిడా అడవుల్లో చిన్న సేద్యం చేసుకుని బతికే పేద కుటుంబం. తండ్రిని పాము కరిస్తే, విషం లాగడానికి దగ్గరలో ఉన్న తల్లి దుప్పిని చంపుతాడు. దాని పిల్లను కొడుకు జోడీ తెచ్చి పెంచుకుంటాడు. పిల్లగా ఉన్నన్నాళ్లు ముద్దు. ఏడాది తిరిగేసరికి అది పెరిగింది. మొక్కజొన్న మొలకలు తినేసింది. మళ్లీ విత్తారు, కంచె ఎత్తు పెంచారు, దూకి మళ్లీ తింది. ఆ పంట పోతే ఆ ఇంటికి ఆ ఏడాది తిండి లేదు. తల్లి తుపాకి పేలిస్తే గాయపడింది. చివరికి ఆ అబ్బాయే తన చేత్తో దాన్ని చంపాల్సి వచ్చింది.

ఈ కథ మన పోడు రైతుకు వివరించి చెప్పనక్కర్లేదు. చోడి చేను మొలకెత్తినప్పుడు ఒక్క దుప్పి ఒక్క రాత్రిలో ఏం చేయగలదో మనకు తెలుసు. రాలింగ్స్ నవల గొప్పతనం ఏమిటంటే, అందులో ఎవరూ దుర్మార్గులు కారు. అబ్బాయి ప్రేమ నిజం, తల్లి ఆకలి భయం నిజం, దుప్పి తన స్వభావం ప్రకారం నడవడం నిజం. ముగ్గురిలో ఎవరి తప్పూ లేకుండానే చావు వచ్చింది. తెచ్చిన రోజే ఆ చావు ఇంట్లోకి వచ్చింది, కనబడటానికి ఏడాది పట్టింది. ఫోన్ వీడియో మొదటి నెల దగ్గరే ఆగిపోతుంది, పన్నెండో నెల చూపించదు.

తెలుగు సినిమా సంగతి చూద్దాం. 1993లో ఎస్.వి. కృష్ణారెడ్డి తీసిన 'రాజేంద్రుడు గజేంద్రుడు'లో అద్దె కట్టుకోవడమే కష్టంగా ఉన్న నిరుద్యోగి దగ్గరికి ఏనుగు చేరుతుంది. మనమందరం నవ్వుకున్నాం. హాస్యానికి లెక్కలు అడగకూడదు. కానీ పెద్ద ఏనుగు రోజుకు నూరు కిలోలకు పైగా మేత తింటుందని, మగ ఏనుగు మదం మీద ఉన్నప్పుడు మావటివాడినే తొక్కేస్తుందని, అది ఒంటరిగా బతికే జంతువు కాదని తరగతిలో ఎవరో ఒకరు చెప్పాలి. సినిమాలో ఏనుగు నటిస్తుంది. దానికి ఆ నటన ఎలా నేర్పారన్నది తెర మీద కనబడదు.

'ది ఎలిఫెంట్ విస్పరర్స్' గురించి మన బాధ్యత ఎక్కువ. ఎందుకంటే అది మనలాంటి వాళ్ల కథ. కార్తికి గోన్సాల్వెస్ 2022లో తీసిన ఈ చిన్న డాక్యుమెంటరీకి 2023లో ఆస్కార్ వచ్చింది. తమిళనాడు ముదుమలై అడవిలో, తెప్పకాడు ఏనుగుల శిబిరంలో, కాట్టునాయకన్ తెగకు చెందిన బొమ్మన్, బెల్లి దంపతులు రఘు అనే తల్లిలేని గున్నను సాకడం అందులో విషయం. చూసిన చాలామంది, ఆదివాసులు ఏనుగును బిడ్డలా పెంచుకున్నారు, ఎంత బాగుంది అన్నారు. ఈ మెప్పులో ఒక పొరపాటు ఉంది. బొమ్మన్, బెల్లి ఏనుగును సరదాకు పెంచుకోలేదు. తల్లి కరెంటు తగిలి చనిపోయింది, మంద తిరిగి కలుపుకోలేదు, అప్పుడు అటవీశాఖ దాన్ని వాళ్ల చేతికి అప్పగించింది. అది వాళ్ల పని. చుట్టూ శిబిరం ఉంది, వైద్యం ఉంది, వేరే ఏనుగులున్నాయి, తరాల అనుభవం ఉంది. అంత ఉన్నా, రఘు పెరిగాక వాళ్ల దగ్గర్నుంచి తీసుకెళ్లి వేరే మావటికి ఇచ్చారు. ఆ ఎడబాటు చిత్రంలోనే ఉంది. శ్రద్ధగా చూస్తే ఆ చిత్రం ఏనుగును పెంచుకోమని చెప్పడం లేదు. తల్లి చనిపోవడంతో మొదలైన కథ అది. తల్లి బతికి ఉంటే ఆ కథే ఉండకూడదు.

ఇక మాట దగ్గరికి వద్దాం. మన తెలుగులో రెండు మాటలున్నాయి, మచ్చిక, పెంపకం. రెండింటినీ ఒకటిగా వాడేస్తున్నాం. మచ్చిక అంటే ఒక జంతువు ఒక మనిషికి భయపడకపోవడం. అది ఆ ఒక్క జంతువుతో పుట్టి దానితోనే పోతుంది. పెంపుడు జంతువు అంటే వేరు. కుక్క మనిషి దగ్గరికి వచ్చి కనీసం పదిహేను వేల ఏళ్లు అయింది. మేక, గొర్రె, పశువు వేల తరాలుగా మనిషి ఎంపికలో నలిగాయి. కరిచేదాన్ని, పొడిచేదాన్ని తీసేసి, నెమ్మదైనవాటినే ఈనించుకుంటూ వచ్చారు మన ముత్తాతలు. ఆ నెమ్మది ఇప్పుడు వాటి పుట్టుకలోనే ఉంది.

ఈ తేడాను రష్యాలో ఒక ప్రయోగం బాగా చూపించింది. దిమిత్రి బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త 1959లో సైబీరియాలో వెండి నక్కల మీద పని మొదలుపెట్టాడు. ప్రతి తరంలోనూ మనిషిని చూసి తక్కువ బెదిరేవాటిని మాత్రమే ఏరి, వాటికే పిల్లలు పుట్టనిచ్చాడు. కొన్ని తరాలకే తోక ఊపే, చేతులు నాకే నక్కలు పుట్టాయి. పోను పోను వేలాడే చెవులు, మచ్చల బొచ్చు కూడా వచ్చాయి. ఇక్కడ గమనించాల్సింది, ప్రేమగా చూసుకోవడం వల్ల అవి మారలేదు. పుట్టుకను ఎంచడం వల్ల మారాయి. అడవి నక్కపిల్లను తెచ్చి ఎంత ముద్దు చేసినా దానికి పుట్టేది అడవి నక్కే. ఏనుగునే చూడండి. వేల ఏళ్లుగా మనిషికి మోత మోస్తున్నా, ఎక్కువగా అడవిలోంచి పట్టి తెచ్చినవే. అది మచ్చిక అయింది గాని పెంపుడు జంతువు కాలేదు.

ప్రాథమిక తరగతుల్లో పెంపుడు జంతువులు, అడవి జంతువులు అని రెండు వరుసలు రాయిస్తాం. ఆవు ఇటు, పులి అటు. ఎందుకు అటు ఇటు అన్నది చెప్పం. పిల్లవాడు ఇంటికి తెచ్చుకుంటే అదే పెంపుడు జంతువు అవుతుందనుకుంటాడు. ఆ రెండు వరుసల మధ్య ఉన్న గీత వేల ఏళ్ల మందం అని చెప్పడం ఉపాధ్యాయుడి పని.

ఇప్పుడు మన కొండల్లోని జంతువులను ఒక్కొక్కటిగా తీసుకుందాం.

దుప్పి, కణుజు పిల్లను ఈనిన కొత్తలో గడ్డిలో దాచి తల్లి మేతకు పోతుంది. పిల్ల కదలదు, అరవదు. అదే దానికి రక్షణ. తల్లి వచ్చి పాలిచ్చి మళ్లీ పోతుంది. కట్టెలకో ఆకుకో పోయినవాళ్లు చూసి, పాపం తల్లి లేదని ఎత్తుకొస్తారు. అది అనాథ కాదు, మనం చేశాం అనాథను. మనిషి చేయి తగిలితే తల్లి ముట్టదని కొందరంటారు. ఆ మాట పట్టుకుని తిరిగి పెట్టకుండా ఉండిపోతారు. అది సరికాదు, దొరికిన చోటే వెంటనే పెట్టి దూరంగా వచ్చేస్తే తల్లి తిరిగి కలుపుకునే అవకాశం ఉంది. ఇంటికి తెస్తే ఆవుపాలు పడక విరేచనాలు పట్టుకుని చాలా పిల్లలు పోతాయి. బతికినది మగదైతే, కొమ్ములు వచ్చి ఎదకాలం రాగానే మనిషినే పోటీ మగదనుకుని పొడుస్తుంది. అడవి దుప్పి మనిషిని చూసి పారిపోతుంది. ఇంట్లో పెరిగినదానికి ఆ భయం ఉండదు, అందుకే అదే ఎక్కువ ప్రమాదం. తిరిగి అడవిలో వదిలితే కుక్కలకు కూడా భయపడదు. ఊరి కుక్కలకు ఒక పూట పని.

కోతిపిల్ల రెండేళ్లు ఆటబొమ్మలా ఉంటుంది. నాలుగైదేళ్లకు ఈడు వచ్చాక గుంపులో నీ చోటు ఎక్కడ, నా చోటు ఎక్కడ అని తేల్చుకోవడం దాని స్వభావం. ఇంట్లో గుంపు అంటే మన కుటుంబమే. అందరికన్నా చిన్నవాళ్లను ముందు కరుస్తుంది. కోతి గాని ముంగిస గాని కరిస్తే కుక్క కరిచినట్లే భయపడాలి. రేబిస్ లక్షణాలు కనబడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి. ఆసుపత్రి చేరడానికే డోలీ కట్టాల్సిన ఊళ్లు మనవి. ఈ సంగతి వీడియో తీసే పట్నం కుర్రాడికి పట్టకపోవచ్చు, మనకు పట్టాలి.

ఎలుగు పిల్లలు తల్లి వీపు మీద ఎక్కి తిరుగుతాయి. రెండేళ్ల వరకూ, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, తల్లితోనే ఉంటాయి. ఏ పుట్టలో చెదలున్నాయి, ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుంది, తునికి ఎక్కడ పండుతుంది అన్నది ఆ రెండేళ్ల చదువు. తల్లి ఉండగా ఎలుగుపిల్ల చేతికి రావడం అంత తేలిక కాదు. కాబట్టి ఇంట్లో ఎలుగుపిల్ల ఉందంటే అడవిలో తల్లి ఏమైందో అడగాలి. ఎలుగును ఆడించే కలందర్లు పిల్లలను అలాగే సంపాదించేవారు, ముక్కు పొడిచి తాడు వేసేవారు. 1998లో ఎలుగులు, కోతులు, పులులు వంటివాటిని ప్రదర్శనలకు వాడటాన్ని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా పట్టింది ఆ ఆట వీధుల్లో ఆగడానికి. కలందర్లూ పేదలే. జంతువును విడిపించడంతో పాటు మనిషికి బతుకుతెరువు చూపించినప్పుడే అది ఆగింది. ఈ పాఠం కూడా మనకు కావాలి.

బెట్టుడుత చెట్టు దిగదు. కొమ్మ నుంచి కొమ్మకు ఇరవై అడుగులు దూకే జంతువుకు మన ఇంటి దూలం ఏపాటి? అలుగుకు పళ్లే లేవు. చీమలు, చెదలు తప్ప వేరే తినదు, పంజరంలో తిండి మానేసి చస్తుంది. దక్షిణాన శేషాచలం వైపు కనిపించే దేవాంగ పిల్లి పిడికెడంత ఉంటుంది. రాత్రి తిరిగి పురుగులు ఏరుకునే జంతువు. పగలు వెలుతురులో అది కళ్లు పెద్దవి చేసి కదలకుండా ఉంటే, చూసేవాళ్లు ఎంత బుద్ధిగా ఉందో అంటారు. అది బుద్ధి కాదు, భయం. మంత్రాలకు, మందులకు అని దాన్ని పట్టి అమ్మేవాళ్లు వేరే. ఎవరో ముద్దుకు కొంటున్నారంటే ఆ దారి ఇంకొంచెం వెడల్పు అవుతుంది.

ఇక మన సంస్కృతి అన్న మాట. పాడేరు, అరకు కొండల్లో మన ఇంటిపేర్లు వినండి. కిల్లో అంటే పులి. కిముడు అంటే ఎలుగు. గొల్లోరి అంటే కోతి. వంతాల అంటే పాము. పాంగి అంటే గద్ద. కొర్రా అంటే సూర్యుడు. ఒకే పేరువాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్లలో వాళ్లు పెళ్లి చేసుకోరు. ఆ పేరుగల జంతువు మన వంశానికి పెద్ద. మన తాతలు పులిని ఇంట్లో కట్టేయలేదు, ఇంటిపేరులో కట్టుకున్నారు. పెద్దవాడిని తాడు వేసి గుంజకు కట్టి, గిన్నెలో పాలు పోసి, ఫొటో దిగుతామా? చుట్టరికం అంటే దగ్గరికి లాక్కోవడం ఒక్కటే కాదు. వాడి ఇంట్లో వాడిని ఉండనివ్వడం కూడా చుట్టరికమే. మన ఇళ్లలో కుక్క ఉంది, కోడి ఉంది, మేక, పంది, ఎద్దు ఉన్నాయి. నల్లమలలో చెంచు కుక్క లేకుండా అడవికి పోడు. మన పెంపకానికి చరిత్ర ఉంది. అందులో లేనిదాన్ని మన పేరు మీద ఎక్కించనక్కర్లేదు.

అలాగని మన ఊళ్లను కడిగిన ముత్యాలని చెప్పబోవడం లేదు. చైత్రంలో ఇటుకల పండుగకు వేటకు పోయిన చోట తల్లి పడితే పిల్ల మిగిలేది. ఆ పిల్లను పిల్లలకు ఆటకు ఇచ్చేవారు. కొన్నాళ్లకు అది పోయేది, లేదా పెరిగి కూరైపోయేది. దీన్ని దాచిపెట్టి, ఆదివాసీ అంటేనే జంతువుకు తల్లి అని పాట కట్టడం మనల్ని మనమే బొమ్మ చేసుకోవడం. బయటివాళ్లు మనల్ని ఒకసారి వేటగాళ్లని తిట్టారు, ఇంకోసారి అడవి బిడ్డలని పొగిడారు. తిట్టులోనూ పొగడ్తలోనూ మన నిజం లేదు. మన రచయితలు ఆ రెండు చట్రాల్లోనూ ఇరుక్కోకుండా రాయాలి. అప్పుడు వేట ఆకలికి, పండుగకు. ఇప్పుడు అడవి తగ్గింది, జంతువు తగ్గింది. ఆనాటి అలవాటును ఈనాటి లెక్కతో చూసుకోవాలి.

చట్టం సంగతి ప్రతి కుర్రాడికీ తెలియాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం, ఉచ్చు వేయడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. చట్టవిరుద్ధంగా పట్టిన, పెంచిన అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. అలాంటిది చేతికి వస్తే నలభై ఎనిమిది గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషన్‌కో అటవీ అధికారికో తెలపాలి. 2022లో చట్టాన్ని సవరించారు. అలుగు, ఎలుగు, దేవాంగ పిల్లి ఉన్న మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, పాతిక వేలకు తగ్గకుండా జరిమానా. ప్రేమగా పెంచుకున్నాం అన్నది కోర్టులో సమాధానం కాదు.

అటవీ హక్కుల చట్టం మనకుంది కదా అని అడిగేవాళ్లున్నారు. 2006 నాటి ఆ చట్టం భూమి మీద, చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మన హక్కును ఒప్పుకుంది. సంప్రదాయ హక్కులనూ ఒప్పుకుంది. కానీ వేటాడే, ఉచ్చు వేసే హక్కును అందులోంచి స్పష్టంగా మినహాయించింది. పైగా వన్యప్రాణులను కాపాడే బాధ్యతను హక్కుదారుల మీద, గ్రామసభ మీద పెట్టింది. పట్టా కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్న ఊరికి, ఒక ఇంట్లో కట్టేసిన దుప్పిపిల్ల వీడియో ఎంత చెరుపు చేయగలదో ఆలోచించండి. అడవిని చెడగొట్టేది వీళ్లే అని చెప్పడానికి కాచుకుని ఉన్నవాళ్లకు మనమే సాక్ష్యం తీసి ఇచ్చినట్లవుతుంది.

ఇక్కడ ఒక అన్యాయం కూడా చెప్పాలి. పట్నంలో డబ్బున్నవాళ్లు పరాయి దేశాల జంతువులను కొని పెంచుకుంటున్నారు. వాటి వివరాలు నమోదు చేసుకోమని ప్రభుత్వం 2020లో అవకాశం ఇచ్చింది. కొండ మీది వాడు ఎత్తుకున్న పిల్ల నేరం, పట్నంవాడు కొన్న పిల్ల నమోదు. చట్టం కారణం చట్టానికి ఉంది, మన అడవి జంతువును కాపాడటమే దాని ఉద్దేశం. కానీ కొనేవాడి సరదా వల్లనే ఎక్కడో ఒక అడవి ఖాళీ అవుతుందన్న నిజం రెండు చోట్లా ఒకటే. మన అడవి అయినా, బ్రెజిల్ అడవి అయినా.

ఎదుటివాళ్ల వాదాన్నీ న్యాయంగా వినాలి. ఆస్ట్రేలియాలో మైఖేల్ ఆర్చర్ అనే పురాజీవ శాస్త్రవేత్త, తమ దేశపు అడవి జంతువులను ఇళ్లలో పెంచుకోనివ్వాలని వాదించాడు. క్వోల్ అనే చిన్న మాంసాహార జంతువును తనే పెంచాడు. మనిషి దేన్ని పెంచుకుంటాడో దాన్ని అంతరించనివ్వడు, తెచ్చిపెట్టుకున్న పిల్లుల కంటే సొంత నేల జంతువులే మేలు అన్నది ఆయన వాదం. దీన్ని తీసిపారేయలేం. కోడి అంతరించదు, మేక అంతరించదు, ఆ మాట నిజమే. కానీ ఆ వాదం నిలబడాలంటే పంజరంలో పుట్టిన జంతువే అంగడికి రావాలి, అడవిలో పట్టినది రాకూడదు. ఏది ఏదో తేల్చే ఏర్పాటు ఉండాలి. మన దగ్గర తల్లిని చంపి పిల్లను తేవడం ఖర్చులేని పని, ఇంట్లో ఈనించడం ఖర్చుతో కూడిన పని. అంగడి ఏ దారి ఎంచుకుంటుందో చెప్పనక్కర్లేదు. ఇంకో మాట. ఇంట్లో వెయ్యి దుప్పులు బతికినంత మాత్రాన అడవి బతకదు. దుప్పి గడ్డి మేస్తేనే, గింజ మోస్తేనే, పులికి ఆహారమైతేనే అది దుప్పి. మంచం కింద ఉన్నది దాని రూపం మాత్రమే.

మరి నిజంగా తల్లి చచ్చిన పిల్ల ఎదురైతే? చూస్తూ వదిలేయమని మేము చెప్పం. తల్లి శవం కంటబడితేనే, లేదా పిల్లకు గాయమైతేనే ముట్టుకోవాలి. లేకపోతే దూరం నుంచి గమనించాలి. తీసుకోవాల్సి వస్తే గంపలో గుడ్డ పరిచి, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచాలి. ఆవుపాలు పోయకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు, కుక్కలను దగ్గరికి రానివ్వకూడదు. అదే రోజు బీట్ అధికారికి చెప్పాలి. చెప్పినప్పుడు పక్కన ఇద్దరు పెద్దలు ఉండటం మంచిది, ఎక్కడ ఎప్పుడు దొరికిందో కాగితం మీద రాసి ఇవ్వాలి. మంచి చేయబోయినవాడి మీదే కేసు పడుతుందన్న భయం మన ఊళ్లలో ఉంది, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. అందుకే ఈ పని ఒక్కడు చేయకూడదు, గ్రామసభ చేయాలి. పిల్లను తెచ్చి అప్పగించినవాడిని దొంగలా చూడకపోవడం అటవీశాఖ నేర్చుకోవాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. బంగారు లేడి, భరతుడు, శకుంతల, ఏనుగు సినిమా, ఏది చెప్పినా కథ అయిపోయాక పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి. దీని తల్లి ఎక్కడ? తర్వాత రెండో ప్రశ్న. పెద్దయ్యాక ఇది ఎక్కడికి పోతుంది? ఫోన్లో వీడియో చూపించినా అవే అడగండి. మన పిల్లలకు సమాధానాలు తెలుసు. పశువులు కాసేవాళ్లు, అడవిలో ఆకు ఏరేవాళ్లు, జంతువు అడుగు చూసి ఎటు పోయిందో చెప్పగలవాళ్లు వాళ్లు. ఇన్నాళ్లూ పుస్తకం వాళ్లను ఆ ప్రశ్న అడగలేదు, అంతే.

యువ రచయితలకు ఇంకో విన్నపం. లేడి మీద కథ రాస్తే, దాన్ని ప్రేమించిన మనిషి కన్నీళ్లతో ముగించకండి. లేడి వైపు నుంచి ఒక్క పేజీ రాయండి. అది తాడు తెంపుకుని మందను వెతుక్కుంటూ పోతే, మంద దాన్ని వాసన చూసి ఏమంటుందో రాయండి. మన భాషల్లో, కువిలో, కోయలో, సవరలో, ఆదివాసీ ఒడియాలో రాయండి. సంస్కృతంలో, తెలుగులో ఆ పేజీ ఇన్నాళ్లూ ఖాళీగానే ఉంది. దాన్ని నింపగలిగినవాళ్లు అడవి పక్కన ఉన్నవాళ్లే.